డిప్లొమా తర్వాత బీటెక్ ట్రిపుల్ ఈ: ల్యాటరల్‌గా చేరిన నా మూడేళ్ళు

2025 మేలో నా బీటెక్ ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) పూర్తయింది. నేను ఇంటర్ చదివి ఎంసెట్ ద్వారా వచ్చినదాన్ని కాదు. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా, తర్వాత డిప్లొమావాళ్ళు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్, అక్కడినుంచి నేరుగా బీటెక్ రెండో సంవత్సరం. ఇలా వచ్చినవాళ్ళని కాలేజీలో ల్యాటరల్స్ అంటారు. చేరేముందు ఎవరినైనా అడుగుదామంటే మా చుట్టుపక్కల ఈ దారిలో వెళ్ళినవాళ్ళు దొరకలేదు. కోచింగ్ సెంటర్‌లో ర్యాంకు వచ్చేదాకా ఏం చేయాలో చెప్పారు, ర్యాంకు వచ్చాక ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. ఆ మిగతా కథ ఇది.

మాది భీమవరం దగ్గర ఊరు. నాన్నకి మోటారు రీవైండింగ్ షాపు ఉంది, కాలిపోయిన మోటార్లకి కొత్త కాయిళ్ళు చుడతారు. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరేటర్ మోటార్లే ఎక్కువ వస్తాయి. వార్నిష్ వాసనలో పెరిగాను. కాయిల్ చుట్టడం, స్లాట్‌లో పేపర్ పెట్టడం, మెగ్గర్ వేసి ఇన్సులేషన్ చూడడం డిప్లొమాకి ముందే చూసినవి. అందుకని ట్రిపుల్ ఈ తీసుకుంటానంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పింది చుట్టాలే. "కంప్యూటర్స్ తీసుకోవే, నీడపట్టున ఉద్యోగం" అని ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు అనేవారు.

ఈసెట్ 2022 జూలై 22న జరిగింది. మూడు గంటలు, 200 ప్రశ్నలు. అందులో వంద మన బ్రాంచివి, యాభై మ్యాథ్స్, ఫిజిక్స్ ఇరవై ఐదు, కెమిస్ట్రీ ఇరవై ఐదు. నెగెటివ్ మార్కులు లేవు. బ్రాంచి ప్రశ్నలకి అందరూ బాగానే సిద్ధమవుతారు. ర్యాంకుని అటూ ఇటూ చేసేది ఫిజిక్స్, కెమిస్ట్రీలే. డిప్లొమా మొదటి సంవత్సరంలో చదివి వదిలేసిన సబ్జెక్టులు అవి. చివరి సెమిస్టర్ ట్రైనింగ్‌లో 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో కూర్చున్నప్పుడు ఆ రెండు పుస్తకాలే నా బ్యాగులో ఉండేవి. ఫీడర్ (ఊళ్ళకి వెళ్ళే కరెంటు లైను) రీడింగ్ గంటకోసారి రాయాలి, మధ్యలో ఖాళీ దొరికేది. ఈసెట్ రాసేవాళ్ళకి ఆ ట్రైనింగ్ కాలం చాలా విలువైనది.

ఆగస్టు 10న ఫలితాలు వచ్చాయి. తర్వాత కౌన్సెలింగ్ కోసం ఎదురుచూపులు. పరీక్ష కంటే ఆ రోజులే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టాయి. డిప్లొమాతోనే ఉద్యోగాల్లో చేరిపోయిన స్నేహితులు మొదటి జీతాలు తీసుకుంటున్నారు, నేను ఇంట్లో ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ప్రాసెసింగ్ ఫీజు 1200 రూపాయలు ఆన్‌లైన్‌లో కట్టి, సర్టిఫికెట్ల పరిశీలన అయ్యాక వెబ్ ఆప్షన్లు, అంటే మనకి కావలసిన కాలేజీలు వరసగా, పెట్టాలి. ఆదాయ ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయం రుజువు చూపాలి, పరిశీలన రోజుల్లో అందరూ ఒకేసారి దానికోసం పరిగెడతారు.

ఆప్షన్లు పెట్టేముందు నాన్న ఒక మాటన్నారు: "కాలేజీ బిల్డింగ్ కాదమ్మా, మెషీన్స్ ల్యాబ్ చూద్దాం పద." రెండు మూడు కాలేజీలు తిరిగాం. నాన్న ఏ ప్రిన్సిపాల్‌తోనూ మాట్లాడలేదు. ల్యాబ్ అసిస్టెంట్‌ని బతిమాలి లోపలికి వెళ్ళి డీసీ మోటారు కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకుంటూ తిరిగే రాగి భాగం) చూసేవారు. బాగా నడుస్తున్న మెషీన్ కమ్యుటేటర్ మీద నున్నటి ముదురు గోధుమరంగు పొర ఉంటుంది. ఒకచోట కమ్యుటేటర్ నిండా దుమ్ము, బ్రష్‌లు అరగనే లేదు. "ఇక్కడ పిల్లలచేత చేయించట్లేదు" అన్నారు. ఆ కాలేజీ ప్రకటనల్లో చాలా గొప్పగా ఉండేది, దాన్ని ఆప్షన్లలో కిందికి తోసేశాం. కాలేజీ ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు ఇప్పటికీ తెలియదు. ట్రిపుల్ ఈ చేరాలనుకునేవాళ్ళు ల్యాబ్ చూడకుండా ఆప్షన్ పెట్టొద్దు.

సీటు వచ్చింది. చేరేసరికి రెగ్యులర్ విద్యార్థులకి సెకండియర్ తరగతులు మొదలై చాలా పాఠాలు అయిపోయాయి. వాళ్ళు అప్పటికే ఏడాదిగా కలిసి ఉన్నారు. మాకు చివరి బెంచీలు మిగిలాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అని ఖాళీ చేతులతో వెళ్ళకండి. బస్సుకి ఏడాదికి ఇరవై వేలు దాటింది. సైంటిఫిక్ కాలిక్యులేటర్ వెయ్యి పైన. రికార్డులు, గ్రాఫ్ పేపర్లు, ల్యాబ్ ఏప్రాన్, సెమిస్టర్‌కో పరీక్ష ఫీజు, ఇవన్నీ మన జేబులోంచే. రీయింబర్స్‌మెంట్ పడడం ఆలస్యమైతే హాల్‌టికెట్ ఇచ్చేముందు ఆఫీసులో బాకీ మాట ఎత్తుతారు. ఒక సెమిస్టర్‌లో అమ్మ చిట్టీ పాడి ఆ డబ్బు కట్టింది. ఆ సాయంత్రం బస్సులో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ఇక చదువు. రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్‌ని టూ-వన్ అంటాం. ల్యాటరల్స్‌కి అసలు పరీక్ష అదే. డీసీ మెషీన్స్, ట్రాన్స్‌ఫార్మర్లు, సర్క్యూట్లు డిప్లొమాలో చదివినవే, కాస్త లోతు ఎక్కువ. మనల్ని కుదిపేసేది ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్స్. ఆ సబ్జెక్టులో మొదటి క్లాసు నుంచే గ్రేడియంట్, డైవర్జెన్స్, కర్ల్ అంటూ వెక్టార్ కాలిక్యులస్‌లోకి వెళ్ళిపోతారు. గోళాకార నిర్దేశాంకాల్లో ఇంటిగ్రేషన్ చేయమంటారు. రెగ్యులర్ వాళ్ళు ఇంటర్‌లోనూ ఫస్టియర్‌లోనూ కలిపి మూడేళ్ళ గణితం చేసి వచ్చారు. డిప్లొమాలో మనం చేసిన ఇంటిగ్రేషన్, లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ సర్క్యూట్లకి సరిపోతాయి, ఫీల్డ్స్‌కి సరిపోవు. గాస్ సూత్రం నాకు బొమ్మగా అర్థమయ్యేది, లెక్కగా వచ్చేది కాదు.

మొదటి మిడ్‌లో (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) ఫీల్డ్స్ మార్కులు చూసి ఇంటికి వెళ్ళాక చాలాసేపు ఏడ్చాను. డిప్లొమాలో క్లాస్ ఫస్ట్ వచ్చినదాన్ని. చదువు రాదేమో అనే అనుమానం నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మా ల్యాటరల్స్‌లో దాదాపు అందరిదీ అదే పరిస్థితి అని తర్వాత తెలిసింది. ఎవరికి వారు దాచుకున్నారు.

ఆ సెమిస్టర్‌లో మమ్మల్ని నిలబెట్టింది ఫీల్డ్స్ చెప్పే మేడమే. క్లాసయ్యాక మా ల్యాటరల్స్‌ని కూర్చోబెట్టి, వెక్టార్ కాలిక్యులస్ మొదటినుంచి చెప్పారు. సిలబస్‌లో లేని పని, ఆవిడకి అదనంగా ఇచ్చేదేమీ లేదు. "మీకు కాయిల్ తెలుసు. ఇప్పుడు కాయిల్ చుట్టూ ఏముందో చూడండి" అనేవారు. ఇంట్లో రాత్రిళ్ళు ఐఐటీల వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు చూసేదాన్ని, అవి ఉచితం. మీకు అలాంటి మేడం దొరక్కపోవచ్చు. కాబట్టి ఈసెట్ రాశాక కౌన్సెలింగ్ వరకూ దొరికే ఆ ఖాళీ కాలంలో వెక్టార్ కాలిక్యులస్, మాత్రికలు, కాంప్లెక్స్ వేరియబుల్స్ ఒకసారి చూసి పెట్టుకోండి. ఈ ఒక్క పని చేస్తే టూ-వన్ సగం తేలికవుతుంది.

మాకు మిడ్స్‌కి ముప్పై, సెమిస్టర్ చివరి పరీక్షకి డెబ్బై మార్కులు. అయిదు యూనిట్లు, ఒక్కో యూనిట్ నుంచి రెండు ప్రశ్నలిస్తే ఒకటి రాయాలి, పద్నాలుగు మార్కులు. ఒక్క యూనిట్ పూర్తిగా వదిలేసినా ఆ పద్నాలుగూ పోతాయి. ఫలితాలు వచ్చిన రాత్రి వెబ్‌సైట్ తెరుచుకోవడానికే గంట పట్టింది. ఫీల్డ్స్ పాసయ్యాను. మార్కులు గొప్పవేం కాదు, కానీ ఆ మూడేళ్ళలో నన్ను అంత సంతోషపెట్టిన ఫలితం ఇంకొకటి లేదు.

ల్యాబ్‌లో మాత్రం లెక్క తిరగబడింది. రెగ్యులర్ వాళ్ళు 220 వోల్టుల డీసీ సప్లై ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. వాళ్ళ తప్పేం లేదు, అంతకుముందు ఎవరూ వాళ్ళని ముట్టుకోనివ్వలేదు. మేం పక్కనుండి కనెక్షన్లు ఇప్పించేవాళ్ళం. షంట్ మోటారు (ఒక రకం డీసీ మోటారు) స్టార్ట్ చేసేముందు కరెంటుని తగ్గించే, పెంచే రియోస్టాట్లు చూసుకోవాలి: ఫీల్డ్ రియోస్టాట్ కనిష్ఠంలో, ఆర్మేచర్ రియోస్టాట్ గరిష్ఠంలో ఉందో లేదో చూడడం మాకు అలవాటైన పని. ఫీల్డ్ తెగితే లోడ్ లేని మోటారు వేగం ఎంతకి పోతుందో ఒకసారి చూసినవాళ్ళు ఇక మరిచిపోరు. రెండు ట్రాన్స్‌ఫార్మర్లని కలిపి పరీక్షించే సంప్నర్ టెస్ట్‌లో రెండు ట్రాన్స్‌ఫార్మర్ల సెకండరీలు ఎదురెదురుగా కలిపి, స్విచ్ మూసేముందు దాని మీద వోల్ట్‌మీటర్ సున్నా చూపించాలి. పొలారిటీ తిరగబడితే రెట్టింపు చూపిస్తుంది. అందుకే వోల్ట్‌మీటర్ రేంజ్ రెట్టింపుది తీసుకోవాలి. ఇలాంటివి మేం వాళ్ళకి చెప్పాం, బదులుగా వాళ్ళు మాకు పార్షియల్ డిఫరెన్షియేషన్ చెప్పారు. చివరి బెంచీల దూరం ఆ ల్యాబ్‌లోనే పోయింది. నా దగ్గరి స్నేహితురాళ్ళిద్దరూ ఎంసెట్ ద్వారా వచ్చినవాళ్ళే.

ల్యాబ్ బ్యాచ్‌లో అమ్మాయిలం ఎక్కువమందిమే ఉండేవాళ్ళం. అయినా మోటారు మీద బరువు వేసి చూసే బ్రేక్ టెస్ట్‌లో బెల్టు బిగించే పని, అల్టర్నేటర్‌ని (ఏసీ జనరేటర్) నడుస్తున్న సప్లై బస్‌బార్‌కి కలిపే స్విచ్ వేసే పని అబ్బాయిలకే ఇవ్వడం చాలాచోట్ల అలవాటుగా నడుస్తుంది. అడిగి తీసుకోవాలి. రెండు సప్లైలూ సరిగ్గా కలిశాయో బల్బులతో చూసే డార్క్ ల్యాంప్ పద్ధతిలో మూడు బల్బులూ నెమ్మదిగా వెలుగుతూ ఆరుతూ, పూర్తిగా ఆరిన క్షణాన స్విచ్ వేయాలి. నేను వేసిన రోజు ఏ కుదుపూ లేకుండా మెషీన్ కలిసిపోయింది. ఆ రీడింగ్ కాయితం ఇంకా నా ఫైల్లో ఉంది.

టూ-టూ, త్రీ-వన్ వేగంగా గడిచాయి. ఇండక్షన్ మోటారు సర్కిల్ డయాగ్రమ్ గీయడం నేర్చుకుంటే పద్నాలుగు మార్కులు ఖాయం. కంట్రోల్ సిస్టమ్స్‌కి సెమీలాగ్ షీట్లు (ఒక రకం గ్రాఫ్ పేపర్లు) పరీక్ష ముందురోజు షాపుల్లో దొరకవు, ముందే కొనుక్కోండి. పవర్ ఎలక్ట్రానిక్స్ నాకు బాగా నచ్చింది, సీఆర్‌ఓ తెర మీద ఫైరింగ్ యాంగిల్ (కరెంటుని ఎప్పుడు వదలాలో చెప్పే కోణం) మారుతుంటే వేవ్‌ఫామ్ కోసుకుపోవడం ఎంతసేపైనా చూడొచ్చు.

నేను ట్రిపుల్ ఈ ఎందుకు చదువుతున్నానో నాకు నిజంగా తెలిసింది త్రీ-టూలో, పవర్ సిస్టమ్ అనాలిసిస్ క్లాసులో. సిమెట్రికల్ కాంపొనెంట్స్ చెప్తున్నారు. సమతూకం తప్పిన మూడు ఫేజుల కరెంటుని పాజిటివ్, నెగెటివ్, జీరో అని మూడు సీక్వెన్సులుగా విడదీసే పద్ధతి అది. సార్ బోర్డు మీద ఒక ఫేజు తెగిన లైను ఉదాహరణ వేశారు. లెక్క చేస్తే పాజిటివ్ సీక్వెన్స్ కరెంటు, నెగెటివ్ సీక్వెన్స్ కరెంటు రెండూ ఒకే పరిమాణంలో వచ్చాయి. నెగెటివ్ సీక్వెన్స్ క్షేత్రం మోటారు తిరిగే దిశకి ఎదురు తిరుగుతుంది. రోటర్‌లో దాదాపు రెట్టింపు ఫ్రీక్వెన్సీ కరెంట్లు పుట్టించి వేడెక్కిస్తుంది.

మా షాపుకి వచ్చే మోటార్లలో చాలా వాటిది ఇదే జబ్బు. నాన్న మూత తీసి ఒక్కసారి చూసి చెప్పేసేవారు. మోటారు మూడు ఫేజుల కాయిళ్ళని స్టార్, డెల్టా అని రెండు రకాలుగా కలుపుతారు. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల కాయిళ్ళు నల్లబడి మూడోది కొత్తదానిలా ఉంటే ఒక ఫేజు పోయినట్టే. డెల్టా అయితే ఒక ఫేజు కాయిళ్ళే బాగా మాడతాయి. రైతు "నిన్ననే బాగుంది" అంటుంటాడు. తెల్లవారుజామున చెరువు నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ వేళలో ఫేజు పోయి ఏరేటర్లు ఆగితే రొయ్యలు నీటిపైకి తేలతాయి, గంటల్లో పంట పోతుంది. మోటారు రీవైండింగ్ ఖర్చు ఆ నష్టంలో ఎంతో కాదు. చిన్నప్పటినుంచి చూసిన ఆ నల్లటి కాయిళ్ళకి బోర్డు మీద సమీకరణం కనిపించేసరికి ఒళ్ళు జలదరించింది. ఆ సాయంత్రం షాపులో ఒక కార్డుబోర్డు ముక్క మీద నాన్నకి మూడు బాణాల బొమ్మ గీసి చూపించాను. ఆయన వేసిన ప్రశ్నకి జవాబు వెతకడానికి నాకు వారం పట్టింది: కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపే ఓవర్‌లోడ్ రిలే ఉండగా మోటార్లు ఎందుకు కాలుతున్నాయి? తక్కువ లోడుతో నడుస్తున్న మోటారుకి ఫేజు పోతే, లైను కరెంటు పెరిగినా రిలే సెట్టింగ్ దాటకపోవచ్చు. డెల్టాలో అయితే ఒక ఫేజు కాయిల్‌లో కరెంటు లైనులో కనిపించేదానికంటే ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది. రిలే చూసేది లైనునే.

నా ప్రాజెక్టు అక్కడే పుట్టింది: ఏరేటర్ మోటారుకి నెగెటివ్ సీక్వెన్స్ చూసి ఆపే రక్షణ పెట్టె. ప్రాజెక్టులు అమ్మే దుకాణాల నుంచి తయారైనది తెచ్చుకోవడం చాలా కాలేజీల్లో నడుస్తున్నదే, నేనూ నా స్నేహితురాళ్ళూ సొంతంగా చేద్దామనుకున్నాం. ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, మూడు చిన్న కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు, రిలే మాడ్యూల్ కలిపి రెండు వేల చిల్లర. కొన్ని హైదరాబాద్ కోఠిలో ఉండే స్నేహితురాలి అన్నయ్యతో తెప్పించాం, కాంటాక్టర్ (మోటారుకి కరెంటు ఇచ్చి తీసే విద్యుత్ స్విచ్), మోటారు షాపువే. కోడ్ వారంలో అయింది. మిగతా నెలలన్నీ తినేసింది అసలు మోటారు. స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంటు ఆరేడు రెట్లు ఉంటుంది, ఆ కొద్ది సెకన్లలో మా పెట్టె ట్రిప్ కొట్టేది. ఆలస్యం పెట్టాం. కాంటాక్టర్ వదిలిన ప్రతిసారీ ఆర్డుయినో రీసెట్ అయ్యేది. కాంటాక్టర్ కాయిల్ నుంచి వచ్చే నాయిస్ అది. ఆ నాయిస్‌ని మింగే ఆర్‌సీ స్నబ్బర్ (రెసిస్టర్, కెపాసిటర్ జత) కాయిల్‌కి వేసి, బోర్డుకి వేరే సప్లై ఇచ్చాక ఆగింది. కంప్యూటర్‌లో నమూనా నడిపే సిమ్యులింక్‌లో ఇవేవీ కనబడలేదు. చివరికి నాన్న ఒక ఫేజు ఫ్యూజ్ లాగేస్తే రెండు సెకన్లలో మోటారు ఆగింది. మళ్ళీ మళ్ళీ లాగి చూశారు.

ఈలోగా ప్లేస్‌మెంట్లు. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఫోర్-వన్‌లో క్యాంపస్‌కి వచ్చినవి ఎక్కువగా సాఫ్ట్‌వేర్ కంపెనీలే. అన్ని బ్రాంచిలకీ ఒకటే పరీక్ష, ఆప్టిట్యూడ్, కోడింగ్. జీతం ఏడాదికి మూడు మూడున్నర లక్షలు. మా క్లాసులో బాగా చదివేవాళ్ళు చాలామంది వాటిలోకే వెళ్ళారు, ఇంటి పరిస్థితులు అలాంటివి. కోర్ కంపెనీలు, అంటే ఎలక్ట్రికల్ పని చేసేవి, వచ్చినవి తక్కువ, ఇచ్చేది ఇంకా తక్కువ. పవర్ సిస్టమ్స్ గురించి ఒక్క ప్రశ్న కూడా లేని ఇంటర్వ్యూలకి ట్రిపుల్ ఈ వాళ్ళు ఇస్త్రీ బట్టలేసుకుని వరసగా కూర్చుని ఉంటే నాకు బాధేసింది. ఈ దేశంలో ఇన్ని సోలార్ ప్లాంట్లు, ఇన్ని కొత్త లైన్లు పడుతున్నాయి, వాటిని కట్టడం తెలిసినవాళ్ళని తయారుచేసి వేరే పనికి పంపుతున్నాం.

నేను ఎంటెక్‌కీ, కొన్ని ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకీ పనికొచ్చే గేట్ పరీక్ష రాశాను. ఎలక్ట్రికల్ పేపర్ 2025 ఫిబ్రవరి 2 మధ్యాహ్నం. ఆ ఏడాది ఫీజు ఆడపిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి 900, మిగతావాళ్ళకి 1800 ఉండేది. మూడు గంటలు, 65 ప్రశ్నలు, వంద మార్కులు. మన కాలిక్యులేటర్ తీసుకెళ్ళనివ్వరు, తెర మీద ఉండే దాన్నే మౌస్‌తో నొక్కాలి. అలవాటు లేకపోతే టైమంతా దానికే పోతుంది, మాక్ పరీక్షలు దానితోనే చేయండి. మార్చి 19న ఫలితం వచ్చింది. క్వాలిఫై అయ్యాను. పవర్‌గ్రిడ్ లాంటి ప్రభుత్వ విద్యుత్ సంస్థలు పిలిచే ర్యాంకు కాదు. ఎంటెక్ చేరితే నెలకి 12,400 స్టైపెండ్ వస్తుంది. రెండేళ్ళు అలా ఆగే వీలు ఈసారికి మా ఇంట్లో లేదు. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది కాబట్టి ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది.

ఉద్యోగం ప్రాజెక్టు వల్లే వచ్చింది. ఏప్రిల్‌లో ఒక ప్యానెల్ బోర్డుల కంపెనీ ఇంటర్వ్యూకి ఆ పెట్టెని సంచీలో పెట్టుకుని వెళ్ళాను. అక్కడి ఇంజినీరు గారు మార్కుల మెమో పక్కన పెట్టి, స్నబ్బర్ విలువ ఎలా ఎంచుకున్నావని అడిగారు, తర్వాత ముప్పావు గంట దాని గురించే మాట్లాడారు. ట్రైనీగా నెలకి పద్దెనిమిది వేలు. సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళిన స్నేహితురాళ్ళ కంటే తక్కువే. జూన్‌లో చేరాను. మోటారు కంట్రోల్ సెంటర్ల (చాలా మోటార్లని ఒకచోటినుంచి నడిపే ప్యానెళ్ళు) వైరింగ్, టెస్టింగ్ నా పని. ప్రొవిజనల్ సర్టిఫికెట్, అన్ని సెమిస్టర్ల మార్కులుండే కన్సాలిడేటెడ్ మెమో చేతికి రాకముందే చేరుతున్నట్టయితే కాలేజీ నుంచి కోర్సు పూర్తయిన సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, హెచ్‌ఆర్ వాళ్ళు మొదట అడిగేది అదే.

పెట్టె రెండోది ఇప్పుడు మా ఊళ్ళో ఒక చెరువు గట్టు మీద, నాన్నకి బాగా తెలిసిన రైతు స్టార్టర్ పక్కన బిగించి ఉంది. వానల్లో తేమకి ఒకసారి మొరాయిస్తే డబ్బా మార్చి సీల్ వేశాం. ఆదివారాలు ఇంటికి వెళ్ళినప్పుడు దాని రీడింగులు రాసుకొస్తున్నాను.